పరాయి ఊరి జెర్సీ

మాది జగిత్యాల పక్కన ఒక పల్లె. కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడాను. తర్వాత మా ఊరి మగవాళ్లందరిలాగే గల్ఫ్ దారి పట్టాను. బహ్రెయిన్‌లో నాకు దొరికింది ఒక స్పోర్ట్స్ క్లబ్బులో పని. బంతులకు గాలి కొట్టడం, నేల తుడిపించడం, ఆటగాళ్ల చీలమండలకు టేపు చుట్టడం, సీజన్ మొదట్లో ఎయిర్‌పోర్టుకు పోయి కొత్తగా దిగిన అమెరికా ఆటగాణ్ని తీసుకురావడం. వయసు మీద పడి ఇంటికి వచ్చేదాకా అదే నా ఉద్యోగం.

అమెరికావాడు గల్ఫ్‌కు బతకడానికి రావడమేమిటని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకు 15 మంది. అంటే దేశం మొత్తానికి 450 ఉద్యోగాలు. కాలేజీల పై డివిజన్‌లోనే 350కి పైగా జట్లున్నాయి. ఏటా జరిగే డ్రాఫ్టులో 60 పేర్లకు మించి పిలవరు, అందులో యూరప్ పిల్లలూ ఉంటారు. మిగిలినవాళ్లకు వచ్చింది ఆ ఆట ఒక్కటే. అందుకే ఇటలీ, స్పెయిన్, టర్కీ, ఇజ్రాయెల్, చైనా, ఫిలిప్పీన్స్, లెబనాన్, బహ్రెయిన్ ఎక్కడ పిలిస్తే అక్కడికి పోతారు.

మా చెల్లె మనవడు టెక్సాస్‌లో పుట్టి పెరిగాడు. ఒక చిన్న కాలేజీకి ఆడుతున్నాడు. యూరప్‌లో ఏదో రెండో డివిజన్ క్లబ్బు రమ్మంటోందట. "తాతా, పోవాలా?" అని ఫోన్‌లో అడిగాడు. ఫోన్‌లో చెప్పి వదిలేసే సంగతి కాదు. వాడికి తెలుగు చదవడం రాదు, వాళ్లమ్మ చదివి వినిపిస్తుంది. వాడిలాంటి పిల్లలు ఇంకొందరు ఉంటారు కనుక అచ్చుకు కూడా ఇస్తున్నాను.

1. వలస వచ్చినవాణ్నని ముందే ఒప్పుకో, బిడ్డా

నీ జీతం నా జీతానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. అయినా నీ వీసా క్లబ్బు పేరు మీదే ఉంటుంది, నాదీ అలాగే ఉండేది. ఇల్లు క్లబ్బుదే, కారు క్లబ్బుదే. పని పోయిన రోజు ఆ రెండూ పోతాయి. చాలా లీగుల్లో జట్టుకు ఒకరిద్దరు విదేశీయులకే చోటు. వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడితే క్లబ్బు పెద్దలు ఊరి పిల్లలను మార్చలేరు. వాళ్లలో సగం మంది ఎవరికో ఒకరికి అన్నకొడుకో మేనల్లుడో అవుతారు. మార్చడానికి వీలుండేది విదేశీ ఆటగాణ్నే. మ్యాచ్‌కు ముప్పై పాయింట్లు కొడుతున్న కుర్రాడు కూడా సూట్‌కేసు సర్దుకోవడం నేను చూశాను. ఎయిర్‌పోర్టులో వాణ్ని దించి, వాడి బదులు దిగినవాణ్ని అదే కారులో ఎక్కించుకొని వచ్చాను.

ఇది తెలిసి వచ్చినవాడు కుంగిపోడు. గల్ఫ్‌లో నిలదొక్కుకున్న మనవాళ్లు ఎవరో తలచుకో. యజమానికి ఏం కావాలో కనిపెట్టినవాడు, నాలుగు మాటలు అరబ్బీ నేర్చుకున్నవాడు, కాగితాలు భద్రంగా ఉంచుకున్నవాడు, అక్కడి చట్టానికి భయపడినవాడు. ఏళ్ల తరబడి బయటి దేశాల్లో నెగ్గుకొచ్చిన అమెరికా ఆటగాళ్లు చేసింది కూడా అదే. కింద చెప్పేవన్నీ ఈ మాటలోంచి వచ్చినవే.

2. బంతి అదే, ఆట వేరు

ఎన్‌బీఏలో క్వార్టర్ 12 నిమిషాలు, బయట 10. అక్కడ ఆరు ఫౌళ్లకు బయటికి పోతావు, ఇక్కడ అయిదుకే. మూడు పాయింట్ల గీత అక్కడ 7.24 మీటర్లు, ఇక్కడ 6.75. ఇవి కాగితం మీద చిన్న తేడాలు. అసలు కష్టం ఇంకోచోట ఉంది. ఎన్‌బీఏలో డిఫెన్స్ చేసే పొడుగువాడు ఎవరినీ కాయకుండా రింగు కింద మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. బయట ఆ నియమం లేదు. నువ్వు మనిషిని దాటి లోపలికి దూసుకుపోయేసరికి ఇంకొకడు అక్కడ కదలకుండా నిలబడి ఉంటాడు. రింగుకు తగిలిన బంతి లోపలికి పడేలోగా చేత్తో కొట్టేస్తే ఇక్కడ తప్పు కాదు. నేను పనిచేసిన రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన ప్రతివాడికీ మొదటి నెలంతా ట్రావెలింగ్ విజిలే. డ్రిబుల్ మొదలుపెడుతూ, బంతి చేతిలోంచి వదలకముందే కాలు లేపే అలవాటు వాళ్లది. రెఫరీ మీద అరిచి లాభం లేదు. అలవాటు మార్చుకున్నవాడు నిలిచాడు.

పాయింట్లు తగ్గుతాయి, దానికి బెంగపడకు. బ్రాండన్ జెన్నింగ్స్ హైస్కూల్ అయ్యాక కాలేజీకి పోకుండా 2008లో రోమ్ జట్టుకు వెళ్లాడు. ఎక్కువసేపు బెంచీ మీదే గడిపాడు. పెద్దవాళ్ల మధ్య రోజుకు రెండుపూటలా ప్రాక్టీసు, దెబ్బలు, తిట్లు. మరుసటి ఏడు మిల్వాకీ జట్టు అతన్ని డ్రాఫ్టులో పదో ఆటగాడిగా తీసుకుంది. ఆ నవంబర్‌లోనే ఒక్క మ్యాచ్‌లో 55 పాయింట్లు కొట్టాడు. రోమ్‌లో కూర్చున్న ఆ ఏడాది వ్యర్థమైందని నేను అనుకోను.

3. జట్టుకు ఏది తక్కువో అది నువ్వు ఇవ్వు

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నా కళ్ల ముందు ఎక్కువమంది దెబ్బతిన్నది ఇక్కడే. ప్రతి ఊళ్లోనూ కాలేజీలో హీరోగా ఆడినవాడే దిగుతాడు. బంతి తన చేతిలో ఉంటేనే ఆట అనుకుంటాడు. బయటి క్లబ్బుకు అప్పటికే బంతి పట్టుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు కావలసింది రీబౌండ్ తీసేవాడు, ఎదుటి జట్టులో బలమైనవాణ్ని కాసేవాడు, స్క్రీన్ పెట్టి పక్కకు తప్పుకునేవాడు.

కైల్ హైన్స్ సంగతి విను. నార్త్ కరోలినాలో పెద్దగా పేరులేని కాలేజీలో ఆడాడు. 2008 డ్రాఫ్టులో ఎవరూ పిలవలేదు. ఎత్తు 198 సెంటీమీటర్లు, ఆడేది సెంటర్ స్థానం. ఆ చోట ఎదురయ్యేవాళ్లు 210, 215 ఉంటారు. ఇటలీ రెండో డివిజన్‌లో వెరోలి అనే కొండ మీది చిన్న ఊళ్లో మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి జర్మనీలో బాంబెర్గ్, తర్వాత గ్రీసులో ఒలింపియాకోస్, మాస్కోలో సీఎస్కేఏ, చివరికి మిలాన్. 2012, 2013, 2016, 2019ల్లో నాలుగు యూరోలీగ్ కప్పులు గెలిచాడు. 2012 ఫైనల్లో ఒలింపియాకోస్ 19 పాయింట్ల వెనకనుంచి వచ్చి 62–61తో గెలిచింది, ఆ జట్టులో ఉన్నాడు. యూరప్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి ఒకటికి మించిసార్లు అందుకున్నాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. యూరప్ ఆటను ఎరిగినవాళ్లలో హైన్స్ పేరును గౌరవంగా పలకనివాణ్ని నేను చూడలేదు. పొట్టివాడు గనక కాళ్లు ముందుగా కదిలించడం నేర్చాడు. పొడుగువాళ్లతోపాటు గార్డులనూ కాయగలిగాడు. కోచ్‌లకు అలాంటివాడు దొరకడు.

పీజే టక్కర్‌ది ఇంకో దారి. టెక్సాస్ యూనివర్సిటీలో గొప్ప ఆటగాడు, నీ రాష్ట్రం పిల్లవాడే అనుకో. 2006లో టొరంటో తీసుకుంది, మరుసటి ఏడే వదిలేసింది. అయిదేళ్లు తిరిగాడు: ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీసు, ఇటలీ, ప్యూర్టోరికో, జర్మనీ. ఇజ్రాయెల్‌లో ఏళ్ల తరబడి మక్కాబీ టెల్ అవీవ్ ఒక్కటే గెలుస్తున్న లీగును 2008లో హపోయెల్ హోలోన్ అనే జట్టు గెలిచింది, టక్కర్ అందులో ముఖ్యుడు. 2012లో బాంబెర్గ్‌కు జర్మనీ టైటిల్ తెచ్చాడు. ఆ వేసవిలో ఫీనిక్స్ పిలిచింది. ఎన్‌బీఏకు తిరిగి వెళ్లింది పాయింట్లు కొట్టేవాడిగా కాదు. మూలన నిలబడి మూడు పాయింట్ల షాట్ వేస్తూ, ఎదుటివాళ్లలో గట్టివాణ్ని రాత్రంతా కాసే పనిమంతుడిగా వెళ్లాడు. 36 ఏళ్ల వయసులో, 2021లో మిల్వాకీతో చాంపియన్ అయ్యాడు. ఆ అయిదేళ్లలో ఒక్కోచోట ఒక్కో పని చేయించుకున్నారు, అన్నీ చేశాడు. ఎన్‌బీఏలో నిలబెట్టింది ఆ పనే.

మొదటి వారంలోనే కోచ్ దగ్గరకు పోయి అడుగు: "ఈ జట్టులో ఎవరూ ఇష్టపడి చెయ్యని పని ఏది?" అది నువ్వు తీసుకో.

4. ఊళ్లో ఉండు, హోటల్లో ఉన్నట్టు ఉండకు

మైక్ డాంటోనీ 1977లో మిలాన్ వెళ్లాడు. అమెరికాలో చోటు దొరక్క వెళ్లినవాడే. వాళ్ల తాత ఇటలీలోని ఉంబ్రియా నుంచి వలస పోయినవాడు, మనవడు తిరుగుదారి పట్టాడన్నమాట. పదమూడేళ్లు అదే జట్టుకు ఆడాడు, 1987, 1988ల్లో రెండు యూరప్ కప్పులు గెలిచాడు, ఇటలీ జాతీయ జట్టుకూ ఆడాడు. తర్వాత అక్కడే కోచ్ అయ్యాడు. ఆ చదువంతా పట్టుకుని అమెరికా వచ్చి ఫీనిక్స్‌కు కోచ్‌గా కూర్చుంటే, ముందటి ఏడు 29 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 2004–05లో 62 గెలిచింది. ఆట మొత్తం వేగం మారిపోయింది.

డాంటోనీ ఇటలీలో ఆడుతుండగానే జో బ్రయంట్ అనే ఇంకో అమెరికన్ 1984లో భార్యాపిల్లలతో అక్కడికి వెళ్లాడు. రియేటి, రెజ్జో కలాబ్రియా, పిస్తోయా, రెజ్జో ఎమీలియా అని ఊళ్లు మారుతూ ఏడేళ్లు ఆడాడు. ఆరేళ్ల కొడుకును అక్కడి బడిలోనే వేశాడు. ఆ పిల్లవాడే కోబీ. ఇటాలియన్ గడగడా మాట్లాడేవాడు, చివరిదాకా ఆ దేశాన్ని తన ఊరిలాగే చెప్పుకున్నాడు.

టాల్ బ్రోడీ న్యూజెర్సీవాడు. 1965లో బాల్టిమోర్ బుల్లెట్స్ డ్రాఫ్టులో తీసుకుంది. ఆ ఏడు యూదుల క్రీడోత్సవానికి ఇజ్రాయెల్ వెళ్లి, మరుసటి ఏడు మక్కాబీకి ఆడటానికి తిరిగి వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. 1977లో మాస్కో సైన్యం జట్టుతో మ్యాచ్ పడింది. రెండు దేశాల మధ్య సంబంధాలు లేవు, సోవియట్‌వాళ్లు టెల్ అవీవ్‌లో ఆడబోమన్నారు. చివరికి బెల్జియంలో వీర్టన్ అనే చిన్న ఊళ్లో ఆడితే మక్కాబీ 91–79తో గెలిచింది. ఆ రాత్రి ఇజ్రాయెల్ ప్రజలు వీధుల్లోకి వచ్చారు. తర్వాత బెల్‌గ్రేడ్‌లో ఒక్క పాయింటు తేడాతో యూరప్ కప్పు కూడా అందింది. 1979లో ఆ దేశం బ్రోడీకి తన అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఇజ్రాయెల్ ప్రైజ్ ఇచ్చింది.

ఇక స్టెఫాన్ మార్బరీ. న్యూయార్క్ కోనీ ఐలాండ్ పిల్లవాడు, రెండుసార్లు ఎన్‌బీఏ ఆల్‌స్టార్. అమెరికాలో పేరు చెడింది, జట్లు మొహం చాటేశాయి. 2010 జనవరిలో చైనా బొగ్గు గనుల ప్రాంతం షాన్‌షీలో దిగాడు. ఆ రోజుల్లో అది పెద్ద పతనమని పత్రికలు రాశాయి. ఏడాదిన్నర తర్వాత బీజింగ్ చేరాడు. మామూలు జనంలా మెట్రో ఎక్కి తిరిగేవాడు, అభిమానులను పేరుపేరునా పలకరించేవాడు. అంతకుముందు ఎప్పుడూ లీగ్ గెలవని బీజింగ్ జట్టు 2012, 2014, 2015ల్లో గెలిచింది. ఊరివాళ్లు విగ్రహం పెట్టారు, ప్రభుత్వం శాశ్వత నివాస కార్డు ఇచ్చింది. నన్నడిగితే చైనాకు పోయినందువల్లే మార్బరీ మనిషిగా నిలదొక్కుకున్నాడు. అతన్ని ప్రేమించడానికి సిద్ధంగా ఉన్న ఊరికి తనూ ప్రేమ ఇచ్చాడు.

భాష రాకపోయినా ఫరవాలేదు, మొదలుపెట్టు. కూరగాయల దుకాణంలో, మంగలి షాపులో వాడిన పది మాటలే డ్రెస్సింగ్ రూములో పనికొస్తాయి.

5. రాత్రులకు ఒక పద్ధతి పెట్టుకో

రంజాన్ నెలలో బహ్రెయిన్‌లో మ్యాచ్‌లు రాత్రి బాగా పొద్దుపోయాక జరిగేవి. అయిపోయేసరికి ఊరంతా మేలుకునే ఉంటుంది, మనవాడికి మాత్రం మాట్లాడే మనిషి ఉండడు. మనకు రాత్రి పదకొండైతే న్యూయార్క్‌లో మధ్యాహ్నం మూడు, ఇంట్లోవాళ్లు పనుల్లో ఉంటారు. ఫోన్ కార్డులు కొనుక్కుని బూత్ దగ్గర నిలబడిన వరసలో మా జగిత్యాలవాళ్లూ ఉండేవాళ్లు, ఏడడుగుల అమెరికావాడూ ఉండేవాడు. ఒకతను మా గదికి వచ్చి కోడికూర, అన్నం తిని, మా పిల్లల ఫొటోలు చూసి, తన కూతురి ఫొటో తీసి చూపించేవాడు. అతను మా క్లబ్బులో అందరికంటే ఎక్కువ కాలం ఆడాడు. వంట నేర్చుకో బిడ్డా. కనీసం అన్నం, పప్పు, గుడ్డు. నలుగురిని భోజనానికి పిలిచే ఇల్లు ఉన్నవాడికి ఒంటరితనం అంతగా అంటదు.

6. మాట మీద పోకు, కాగితం మీద పో

జీతం పన్ను పోను ఎంతో రాసి ఉండాలి. ఏ తేదీన ఇస్తారో రాసి ఉండాలి. ఇల్లు, కారు, రానుపోను టికెట్లు, దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు, దెబ్బ తగిలినంత మాత్రాన కాంట్రాక్టు తెగదన్న మాట, అన్నీ రాసి ఉండాలి. ఇంకొకటి తప్పక ఉండాలి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2007లో జెనీవా కేంద్రంగా ఒక మధ్యవర్తిత్వ సంస్థను పెట్టింది. క్లబ్బు జీతం ఎగ్గొడితే ఆటగాడు అక్కడికి పోవచ్చు. ఏ దేశపు చట్టం అనే పేచీ లేకుండా, న్యాయం ఏదో చూసి సాధారణంగా ఒక్క మధ్యవర్తే తీర్పు ఇస్తాడు. తీర్పు ప్రకారం కట్టని క్లబ్బు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫీబా ఆపగలదు. అయితే తగవు వస్తే అక్కడే తేల్చుకుంటామని నీ కాంట్రాక్టులో ఒక వాక్యం ఉంటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఒకే క్లబ్బులో ఒకే సీజన్‌లో జీతం ఆగిపోయిన ఇద్దరిని నేను ఎరుగుదును. ఒకడి కాగితంలో ఆ వాక్యం ఉంది, ఆలస్యంగానైనా డబ్బు చేతికొచ్చింది. రెండోవాడు ఏజెంటు ఫోన్‌లో చెప్పిన మాట నమ్మి వచ్చాడు. ఉత్త చేతులతో విమానం ఎక్కాడు.

7. ఇది నీ చెల్లెలు కూడా వినాలి

ఆడపిల్లలు బయటి దేశాలకు పోవడానికి కారణం ఇంకా గట్టిగా ఉండేది. డయానా టౌరాసీ అంతటి ఆటగత్తెకు 2015లో అమెరికా లీగులో జీతం లక్షా ఏడు వేల డాలర్ల చుట్టూ ఉండేది. రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బు పదిహేను లక్షల డాలర్లు ఇచ్చేది. ఒళ్లు కాపాడుకోవడానికి ఆ ఏడు ఆమె అమెరికా సీజన్‌నే వదిలేసింది. ఇలాంటివాళ్లకు అప్పట్లో శీతాకాలం రష్యా, టర్కీ, చైనా, వేసవి అమెరికా. ఏడాదంతా ఆడితే శరీరం ఎక్కడో ఒకచోట తెగుతుంది. బ్రియానా స్టూవర్ట్‌కు 2019 ఏప్రిల్‌లో హంగేరీలో యూరప్ ఫైనల్ ఆడుతుండగా మడమ వెనక అకిలిస్ తెగింది. ఆ ఏడు అమెరికా సీజన్ మొత్తం పోయింది.

బ్రిట్నీ గ్రైనర్ పేరు నువ్వు వినే ఉంటావు. అదే యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బుకు ఏళ్లుగా ఆడుతున్న మనిషి. 2022 ఫిబ్రవరి 17న మాస్కో ఎయిర్‌పోర్టులో ఆమె సామాన్లలో గంజాయి నూనె ఉన్న వేప్ కార్ట్రిడ్జ్‌లు దొరికాయి. ఆగస్టులో తొమ్మిదేళ్ల జైలు శిక్ష వేశారు. రెండు దేశాలు ఖైదీలను మార్చుకుంటే డిసెంబర్ 8న విడుదలైంది. ఆమె కోసం దేశాధ్యక్షుడు కదిలాడు. నీ కోసం, నా కోసం ఎవరు కదులుతారు? గల్ఫ్‌కు పోయే మనవాళ్లకు ఇంట్లో పెద్దలు మొదట చెప్పేది సంచిలో గసగసాలు పెట్టుకోవద్దనే. మన వంటింట్లో మసాలా దినుసు, అక్కడ మత్తుమందు కింద లెక్క. సూట్‌కేసు నువ్వే సర్దుకో, ఇతరులు ఇచ్చిన పొట్లం పెట్టుకోకు, మందుల చీటీ దగ్గర ఉంచుకో.

8. ఆ దేశం పాస్‌పోర్ట్ ఇస్తానంటే

కొందరికి ఈ ప్రశ్న వస్తుంది. జాతీయ జట్టులో ఇలా తర్వాత పౌరసత్వం తీసుకున్నవాడు ఒక్కడే ఉండొచ్చని ఫీబా నియమం. పిట్స్‌బర్గ్‌వాడైన జేఆర్ హోల్డెన్‌కు 2003లో రష్యా పౌరసత్వం ఇచ్చింది. 2007లో మాడ్రిడ్‌లో, స్పెయిన్ మీద, యూరప్ చాంపియన్‌షిప్ ఫైనల్ చివరి క్షణాల్లో అతను వేసిన షాట్‌తో రష్యా 60–59తో గెలిచింది. ఫిలిప్పీన్స్‌లో జస్టిన్ బ్రౌన్లీ 2016 నుంచి ఆడుతూ జనానికి ఇంటివాడైపోయాడు. 2023లో పౌరసత్వం వచ్చింది. అదే ఏడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీఫైనల్లో చైనాను చైనాలోనే ఒక్క పాయింటుతో ఓడించారు. తర్వాత వచ్చిన స్వర్ణం 1962 తర్వాత వాళ్లకు మొదటిది.

దీన్ని కొందరు పుట్టిన దేశాన్ని మరవడం అంటారు. నేను ఒప్పుకోను. పదేళ్లు అన్నం పెట్టిన ఊరికి ఆడటం కృతజ్ఞతే. జగిత్యాలలో పుట్టిన నేను బహ్రెయిన్ జట్టు గెలిస్తే ఇప్పటికీ సంతోషిస్తాను. మీ అమ్మానాన్నలు అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజు ఏడ్చారని మీ అమ్మమ్మ చెప్పింది. వాళ్లను అడుగు, నాకంటే బాగా చెబుతారు.

9. నిరుటి ఆటగాడికి ఫోన్ చెయ్

ఏజెంటు చెప్పేది సగం విను, క్లబ్బు చెప్పేది ముప్పాతిక విను. కిందటి సీజన్‌లో ఆ క్లబ్బుకు ఆడిన అమెరికన్ ఎవరో కనుక్కో. వాడు చెప్పేది పూర్తిగా విను. జీతం చెప్పిన తేదీకే పడిందా? ఇంట్లో చలికాలం వేడి ఉందా? జిమ్ తాళాలు ఇస్తారా? కోచ్ ఓడిన రోజు ఎలా మాట్లాడతాడు? దెబ్బ తగిలితే ఎవరు చూశారు? ప్రాక్టీసు రోజుకు ఎన్నిసార్లు? ఊళ్లో నడిచి పోగలిగే దూరంలో దుకాణం ఉందా? ఏడాదిలో జీతం ఎన్ని నెలలకు? ఎనిమిదో తొమ్మిదో అయితే మిగిలిన నెలలకు ఇప్పుడే దాచుకోవాలి.

వాడు మళ్లీ ఎందుకు పోలేదో కూడా అడుగు. సమాధానాలు రాసి, కాంట్రాక్టుతో కలిపి నాకు పంపు. వాట్సాప్‌లో ఫొటో తీసి పెట్టు చాలు. చదివి రేపే ఫోన్ చేస్తాను.